బ్యూనస్ ఐరిస్‌లో నాలుగు రోజులు ఊరివాళ్ళలా గడపడం ఎలా: గడియారం మార్చుకోవడం నుంచి మాతే తాగడం దాకా

ఇగ్వాసు జలపాతాలకో పటగోనియాకో వెళ్తూ మధ్యలో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో నాలుగైదు రోజులు ఆగేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు, తిరిగొచ్చాక అందరూ చెప్పేది దాదాపు ఒకటే, "ఊరు బాగుంది గానీ ఏం చెయ్యాలో తెలీలేదండి, ఫోటోలు దిగి వచ్చేశాం" అని. వెళ్ళబోయేవాళ్ళు అడిగేదీ అదే, అక్కడివాళ్ళు రోజూ చేసేవి మనం కూడా చెయ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని.

ఆ ఊళ్ళో చూసేవాటి కన్నా కూర్చునేవి ఎక్కువ. కాఫీ దగ్గర, పార్కులో, పిజ్జా కొట్లో, డాన్స్ హాల్లో. అయితే ప్రతి చోటా కూర్చోడానికి ఒక పద్ధతుంది, అది ఎవరూ నోటితో చెప్పరు, తప్పు చేస్తే తిట్టరు కూడా, మనకే ఏదో తేడా కొట్టిందని అర్థమవుతుంది అంతే. నేను చేసిన తప్పులన్నీ కలిపి ఇక్కడ వరసగా పెట్టాను. వీలైతే ఈ వరసలోనే వెళ్ళండి, ముందు స్టెప్ రాకపోతే తర్వాతది కష్టమవుతుంది.

## 1. బయల్దేరే ముందు సర్దుకోవాల్సినవి

అక్కడ సీజన్లు మనకి తిరగేసి ఉంటాయి. మార్చి నుంచి మే, సెప్టెంబర్ నుంచి నవంబర్ తిరగడానికి హాయిగా ఉంటుంది. నవంబర్‌లో వెళ్తే వీధులన్నీ ఊదారంగు జకరండా పూలతో నిండిపోయి ఉంటాయి. జనవరి మాత్రం నడి ఎండాకాలం, ఊరివాళ్ళు చాలామంది సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోతారు, చిన్న చిన్న కొట్లు "సెలవు" అని బోర్డు పెట్టేసి ఉంటాయి. ఊరివాళ్ళే లేని ఊళ్ళో ఊరివాళ్ళలా ఉండటం కుదరదు కదా.

వీసా రూల్స్ ఈ మధ్య మారుతున్నాయి, ముఖ్యంగా అమెరికా వీసా ఉన్నవాళ్ళకి, కాబట్టి టికెట్ కొనేముందే రాయబార కార్యాలయం సైట్ చూసుకోండి, స్నేహితుడు పోయినేడు చెప్పిన మాట నమ్మకండి.

బ్యాగులో ఉండాల్సినవి:

- ప్లగ్ అడాప్టర్. కరెంటు 220 వోల్టులే, మన చార్జర్లు పనిచేస్తాయి, కానీ ప్లగ్ రంధ్రాలు ఆస్ట్రేలియా మోడల్‌లో ఏటవాలుగా ఉంటాయి.
- కొత్తవి, మడతలు లేని 100 డాలర్ల నోట్లు కొన్ని. చిన్న నోట్లకీ పాత నోట్లకీ రేటు తగ్గిస్తారు.
- రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు.
- ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపు, ఆఫ్‌లైన్ స్పానిష్ ట్రాన్స్‌లేటర్, బస్సు రూట్ల కోసం నగరపాలక సంస్థ వాళ్ళ "కోమో షేగో" యాప్.
- పల్చటి చొక్కా ఒకటి, జాకెట్ ఒకటి, నడిచే బూట్లు. పేవ్‌మెంట్ పలకలు కొన్ని చోట్ల ఊగుతుంటాయి, వానపడ్డాక కాలు పెడితే కింద నీళ్ళు చిమ్మి ప్యాంటు తడుస్తుంది.

డబ్బు గురించి రెండు ముక్కలు. ధరలు నేను రాయను, ఎందుకంటే ఆ దేశంలో ద్రవ్యోల్బణం వల్ల ఇవాళ రాసిన ధర మూడు నెలలకి జోకవుతుంది. ఒకప్పుడు అధికారిక డాలర్ రేటుకీ బ్లాక్ మార్కెట్ "బ్లూ" రేటుకీ మధ్య పెద్ద తేడా ఉండేది, ఇప్పుడు బాగా తగ్గింది, కాబట్టి కార్డు వాడితే నష్టం ఏమీ లేదు. అయినా కొంత నగదు ఉంచుకోండి, నగదు ఇస్తే తగ్గింపు ఇచ్చే హోటళ్ళు చాలా ఉన్నాయి, "ఎఫెక్తీవో" అని గోడ మీద రాసి ఉంటుంది చూడండి. ఫ్లోరిడా వీధిలో "కాంబియో, కాంబియో" అని అరిచేవాళ్ళ జోలికి మొదటిసారి వెళ్ళేవాళ్ళు పోకపోవడమే మంచిది.

## 2. మొదటి రోజు: గడియారం మార్చుకోండి

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. అక్కడి టైమ్ మనకన్నా ఎనిమిదిన్నర గంటలు వెనక, అది ఫోనే మార్చేస్తుంది. మీరు మార్చుకోవాల్సింది కడుపు గడియారం.

- పొద్దున టిఫిన్: చాలా తక్కువ. కాఫీ, రెండు మెద్యలూనాలు (చిన్న క్రోసాన్లు), అంతే. ఇడ్లీ వడ సాంబార్ మోతాదు ఆశించకండి.
- మధ్యాహ్న భోజనం: 1 నుంచి 3 మధ్య.
- సాయంత్రం "మెరియెందా": 5 నుంచి 7 మధ్య కాఫీ, టోస్టు, కేకు లాంటివి. ఇది దాటేస్తే రాత్రి దాకా తట్టుకోలేరు.
- రాత్రి భోజనం: 9 తర్వాత. 10 అయితే ఇంకా మామూలు.
- డాన్స్ హాళ్ళు: 11 తర్వాతే ఊపు.
- నైట్ క్లబ్బులు: 2 గంటలకి ముందు వెళ్తే మీరూ, ఊడ్చేవాళ్ళూ.

మొదటి రాత్రి నేను ఏడు గంటలకే ఆకలేసి ఒక హోటల్ తలుపు తోశాను, లోపల కుర్చీలు ఇంకా బల్లల మీద తిరగేసి ఉన్నాయి, వెయిటర్లు ఒక మూల కూర్చుని తమ భోజనం తాము చేస్తున్నారు. ఒకాయన జాలిగా చూసి ఎనిమిదిన్నరకి రమ్మని వేళ్ళతో చూపించాడు. వెళ్తే అప్పుడు కూడా నేనొక్కడినే.

దీనికి మందు: దిగిన రోజు మధ్యాహ్నం ఒక గంటన్నర పడుకోండి, ఆరు గంటలకి మెరియెందా తినండి, రాత్రి తొమ్మిదిన్నర దాకా బయట నడవండి. రెండో రోజుకల్లా శరీరం లైన్లో పడుతుంది. చిన్నపిల్లలు ఉన్నవాళ్ళు భయపడక్కర్లేదు, రాత్రి పదకొండుకి ఐస్‌క్రీమ్ షాపులో పసిపిల్లలు తోపుడు బండ్లలో కనిపిస్తూనే ఉంటారు.

## 3. కొన్ని మాటలు నేర్చుకోండి, ఈ విషయంలో మనకి అడ్వాంటేజ్ ఉంది

ఇంగ్లిష్ హోటళ్ళలో నడుస్తుంది, బస్సులో, కూరగాయల కొట్లో నడవదు. స్పానిష్ రాకపోయినా పర్లేదు గానీ పలికే తీరు ముందు పట్టుకోండి. వాళ్ళ త, ద మన త, ద లాంటివే, ఇంగ్లిష్ ట, డ కాదు. ట్యాక్సీ "తాక్సి" అవుతుంది. బడి పుస్తకాల్లో తప్ప మనం వాడని ఞ అక్కడ రోజూ పనికొస్తుంది.

ఇంకోటి, ఈ ఊరి ప్రత్యేకత: మిగతా స్పానిష్ దేశాల్లో "య" లాగా పలికేదాన్ని వీళ్ళు "ష" అంటారు. వీధిని "కాషె" అంటారు, కోడిని "పోషో", నేను అనడానికి "షో". యాప్‌లో స్పానిష్ నేర్చుకుని వెళ్ళినవాళ్ళు మొదటి రోజు బిత్తరపోయేది ఇక్కడే.

జేబులో పెట్టుకోవాల్సినవి:

- బ్వెన్ దియా / బ్వేనాస్: కొట్లోకి అడుగు పెట్టగానే. ఇది అనకుండా నేరుగా "అది ఎంత" అంటే మొహం ముడుచుకుంటారు.
- మే దాస్...?: నాకు ఇది ఇస్తారా
- తెనేస్...?: మీ దగ్గర ఉందా
- పెర్మీసో: కొంచెం జరగండి (బస్సులో ప్రాణాధారం)
- దాలే: సరే, కానివ్వు, ఓకే, అన్నిటికీ
- లా క్వెంతా, పోర్ ఫవోర్: బిల్లు
- గ్రాసియాస్: థాంక్స్. మాతే (వాళ్ళు టీలా తాగే ఆకు పానీయం) దగ్గర మాత్రం జాగ్రత్త, కింద చెప్తాను.

"చే" అనేది మన "ఒరేయ్, ఏమోయ్" లాంటి పిలుపు, చెవిన పడుతూనే ఉంటుంది. "బొలూదో" కూడా వింటారు, స్నేహితుల మధ్య అది "ఒరేయ్ మావా" లాంటిది, కొత్తవాళ్ళతో అంటే తిట్టే. వినండి, అనకండి.

పలకరింపు: పరిచయం చేస్తే కుడి చెంపకి చెంప ఆనించి గాల్లో ఒక ముద్దు, ఆడామగా తేడా లేదు, స్నేహితుల్లో మగవాళ్ళు మగవాళ్ళతో కూడా. ఒకటే, రెండు కాదు. ఇంట్లో పదిమంది ఉంటే పదిమందికీ, వెళ్ళేటప్పుడు మళ్ళీ పదిమందికీ. మనకి మొదట ఒళ్ళు బిగుసుకుంటుంది. ఇష్టం లేకపోతే ముందే నవ్వుతూ చెయ్యి చాపితే చాలు, అర్థం చేసుకుంటారు. మధ్యలో తల వెనక్కి లాగడమే ఇబ్బందిగా ఉంటుంది.

## 4. బస్సెక్కండి

ఇక్కడ బస్సుని కొలెక్తీవో అంటారు, చాలా రూట్లు రాత్రంతా నడుస్తాయి. మెట్రోని సూబ్తే అంటారు, 1913 నుంచి ఉంది, కానీ రాత్రి పదకొండు ప్రాంతానికి మూసేస్తారు, ఆదివారం పొద్దున ఆలస్యంగా తెరుస్తారు.

వరస ఇది:

1. ఏదైనా కియోస్కోలో (మన కిళ్ళీ కొట్టు లాంటిది) సూబే కార్డు (బస్సుకీ మెట్రోకీ వాడేది) కొనండి, అక్కడే డబ్బు వేయించుకోండి. ఇద్దరు ముగ్గురు ఒకే కార్డుతో కూడా వెళ్ళొచ్చు. సూబ్తే గేట్ల దగ్గర ఇప్పుడు బ్యాంకు కార్డు కూడా తీసుకుంటున్నారు, బస్సుల కోసం సూబే ఉంచుకోండి.
2. బస్టాప్‌లో క్యూ ఉంటుంది. నిజంగానే ఉంటుంది. చివర నిలబడండి.
3. బస్సు కనపడగానే చెయ్యి చాపండి, లేకపోతే ఆపకుండా పోతాడు.
4. ఎక్కగానే డ్రైవర్‌కి ఎక్కడికో చెప్పండి, "ఆస్తా ప్లాసా ఇతాలియా" (ప్లాసా ఇతాలియా దాకా) అని. ఆయన చార్జీ నొక్కాకే కార్డు ఆనించండి. ముందే ఆనిస్తే తప్పు చార్జీ పడొచ్చు.
5. వెనక తలుపు దగ్గరికి వెళ్ళి బెల్లు నొక్కి దిగండి.

రెండు గంటల్లోపు బస్సు మారితే రెండోదానికి సగం చార్జీ, మూడోదాని నుంచి ఇంకా తక్కువ. కార్డు దానంతటదే లెక్క వేసుకుంటుంది.

ఫోన్ విషయం: తలుపు పక్క సీట్లో కూర్చుని ఫోన్ చూస్తూ ఉండకండి, తలుపు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోతారు. రోడ్డు అంచున నిలబడి మ్యాపు చూడటం కూడా అంతే, బైకుల మీద వచ్చేవాళ్ళుంటారు. గోడవైపు తిరిగి చూసుకోండి. ఎవరైనా "మీ చొక్కా మీద ఏదో పడింది" అని తుడవబోతే బ్యాగు గట్టిగా పట్టుకుని నడిచిపోండి, ఇది పాత ట్రిక్కు.

## 5. కాఫీ హోటల్లో కూర్చోవడం

1858 నాటి కఫే తోర్తోని పేరు అందరూ చెప్తారు, బయట క్యూలో అందరూ టూరిస్టులే ఉంటారు. నా మాట వింటే మీరు దిగిన చోటికి నాలుగు వీధుల్లో ఏదైనా మూల మీద కఫే చూసుకోండి, ముసలాయన పేపరు చదువుతూ కనపడితే అదే సరైనది. పాత కఫేలకి నగరం వాళ్ళు "బార్ నోతాబ్లే" అని గుర్తింపు ఇచ్చారు, ఆ లిస్టులోవి చూసుకున్నా మంచిదే.

ఏం అడగాలి:

- కోర్తాదో: కొంచెం పాలు కలిపిన చిక్కటి చిన్న కాఫీ. మన ఫిల్టర్ కాఫీ వాళ్ళకి ఇదే దగ్గర.
- కఫే కోన్ లేచె: సగం పాలు, పెద్ద కప్పు.
- లాగ్రిమా: పాలలో కాఫీ చుక్క.
- సుబ్మరీనో: వేడి పాల గ్లాసు, అందులో ముంచుకోడానికి చాక్లెట్ ముక్క. పిల్లలకి బాగుంటుంది.

పక్కన చిన్న గ్లాసులో సోడా, ఒక బిస్కెట్టు తరచుగా ఫ్రీగా వస్తాయి. తర్వాత ఎవరూ పట్టించుకోరు, బిల్లు తెచ్చి పెట్టరు, "ఇంకేమైనా సార్" అనరు. మనవాళ్ళు దీన్ని నిర్లక్ష్యం అనుకుని చిరాకుపడతారు. అది మర్యాద, అడక్కుండా బిల్లు తేవడమంటే లేచిపొమ్మన్నట్టు. ఒక్క కాఫీకి రెండు గంటలు కూర్చోవచ్చు. లేవాలనుకున్నప్పుడు వెయిటర్ కంట్లో పడి గాల్లో సంతకం పెట్టినట్టు చూపించండి చాలు.

టిప్పు పది శాతం, నగదుగా బల్ల మీద. బిల్లులో "కుబియెర్తో" అని కనపడితే అది రొట్టెకీ స్పూన్లకీ చార్జీ, టిప్పు కాదు.

## 6. తిండి: శాకాహారులు, బీఫ్ తిననివాళ్ళు ముందు ఇది చదవండి

మనవాళ్ళు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

వాళ్ళ భాషలో "కార్నె" అంటే మాంసం అని డిక్షనరీలో ఉంటుంది, వాడుకలో బీఫ్ అని అర్థం. అందుకే "సిన్ కార్నె" (కార్నె లేకుండా) అని అడిగితే పంది హామ్‌తోనో కోడితోనో తెచ్చి పెడతారు, వాళ్ళ లెక్కలో వాళ్ళు కరెక్టే. నాకు శాండ్‌విచ్‌లో హామ్ వచ్చింది అలాగే. ఇలా అడగండి: "సిన్ కార్నె, సిన్ పోషో, సిన్ హమోన్, సిన్ పెస్కాదో" (బీఫ్, కోడి, హామ్, చేప ఏవీ లేకుండా). పొడుగ్గా ఉన్నా అదే సేఫ్.

కనపడని బీఫ్ ఒకటుంది, కొవ్వు. దాన్ని "గ్రాసా" అంటారు.

- మెద్యలూనా (చిన్న క్రోసాన్) రెండు రకాలు: "దె మంతేకా" అంటే వెన్నతో, తియ్యగా ఉబ్బుగా ఉంటుంది. "దె గ్రాసా" అంటే సన్నగా ఉప్పగా ఉండేది, పశువు కొవ్వు వాడే రకం. వెన్నవే అడగండి.
- బేకరీలో దొరికే ఉప్పు బిస్కెట్లు "బిస్కొచీతోస్ దె గ్రాసా", పేరులోనే ఉంది.
- ఎంపనాదా (మన కజ్జికాయ ఆకారంలో ఉండేది) లోపల జున్ను ఉల్లిపాయ ఉన్నా పై పిండిలో కొవ్వు ఉండొచ్చు. పట్టింపు ఎక్కువ ఉన్నవాళ్ళు "లా మాసా తియేనె గ్రాసా?" అని అడగాలి.

తినదగ్గవి మాత్రం తక్కువేం కాదు:

- ఫుగాసేతా: జున్ను కుక్కి పైన ఉల్లిపాయ పరిచిన మందపాటి పిజ్జా. కొర్రియెంతెస్ అవెన్యూలో 1932 నుంచి ఉన్న గెర్రీన్‌లో టేబుల్ కోసం ఆగకుండా, ముందువైపు కౌంటర్‌లో ఒక ముక్క కొనుక్కుని నిలబడి తినండి, ఊరివాళ్ళు తినేది అలాగే.
- ఫైనా: శనగపిండి రొట్టె. అవును, మన శనగపిండే, ఓవెన్‌లో కాల్చి పిజ్జా ముక్క మీద పెట్టుకుని రెండూ కలిపి కొరుకుతారు. ఉప్పు మిరియాలు తప్ప ఏమీ ఉండవు, మీ ఇంటి కారప్పొడి చిన్న డబ్బా తెచ్చుకుని ఉంటే ఇక్కడే బయటికి తియ్యాలి.
- ఊమితా ఎంపనాదా: మొక్కజొన్నది.
- ప్రొవొలేతా: నిప్పుల మీద కాల్చిన జున్ను. మాంసం హోటల్లో (వాళ్ళు పర్రీషా అంటారు) స్నేహితులతో కూర్చోవాల్సి వస్తే మీకు ఇదీ, కాల్చిన కూరగాయలూ.
- ఞోకి: బంగాళాదుంప ముద్దలు. ప్రతి నెలా 29న తింటారు, పళ్ళెం కింద ఒక నోటు పెట్టుకుంటారు కలిసొస్తుందని. సాస్ "ఫిలేతో" అడగండి, "తూకో"లో మాంసం ఉండొచ్చు.

బీఫ్ తినేవాళ్ళకి ఒక్క మాట: "బీఫె దె చోరీసో" పేరు చూసి సాసేజ్ అనుకోకండి, అది పెద్ద స్టేక్. ఎంత కాల్చాలో చెప్పండి: "హుగోసో" రసం కారేలా, "ఆ పుంతో" మధ్యస్థం, "బియెన్ కొసీదో" బాగా కాల్చినది. మనవాళ్ళు చాలామందికి మూడోదే పడుతుంది, వెయిటర్ నిట్టూర్చినా వెనక్కి తగ్గకండి.

ఐస్‌క్రీమ్ తూకం లెక్కన అమ్ముతారు. ముందు గల్లా దగ్గర సైజు చెప్పి డబ్బు కట్టి, చీటీ తీసుకుని కౌంటర్‌కి వెళ్ళి ఫ్లేవర్లు చెప్పాలి. పావు కేజీకి మామూలుగా మూడు ఫ్లేవర్లు. "దూల్సె దె లేచె గ్రనిసాదో" (కోవా రుచికి దగ్గర, మధ్యలో చాక్లెట్ పలుకులు) తప్పకుండా ఒకటి ఉండాలి.

పంపు నీళ్ళు తాగొచ్చు.

## 7. మాతే: మర్యాద అంతా ఇక్కడే ఉంది

బస్సు డ్రైవర్ పక్కన, ఆఫీసు బల్ల మీద, పార్కులో చెట్టు కింద, ఎక్కడ చూసినా ఒక చిన్న సొరకాయ బుర్ర, లోహపు గొట్టం, చంకలో ఫ్లాస్కు కనపడతాయి. ఆకు పొడి షెర్బా, గొట్టం బొంబీషా, తాగే బుర్ర పేరూ తాగేదాని పేరూ మాతే.

ఎవరైనా ఇస్తే ఎలా తాగాలి:

1. ఒకరే పోస్తారు, ఆయన "సెబదోర్". మొదటిది ఆయనే తాగి, తర్వాత వరసగా ఒక్కొక్కరికీ నింపి ఇస్తాడు. బుర్ర అందరికీ ఒకటే, గొట్టం ఒకటే.
2. మీ వంతు వస్తే మొత్తం తాగెయ్యండి, గొట్టం గరగర శబ్దం చేసేదాకా. ఇది సిప్ చేసి పక్కోళ్ళకి పాస్ చేసేది కాదు.
3. గొట్టంతో కలపకండి. కదిపితే పొడి అడ్డం పడి మూసుకుపోతుంది, పైగా పోసినాయన చేతిపని చెడగొట్టినట్టు.
4. తిరిగి సెబదోర్‌కే ఇవ్వండి.
5. ఇచ్చేటప్పుడు "గ్రాసియాస్" అనకండి. అంటే "నాకిక చాలు" అని అర్థం.

ఈ చివరిది తెలీక నేను మొదటి గుక్కకే మర్యాదగా థాంక్స్ చెప్పాను, తర్వాత గంటసేపు బుర్ర నా ముందు నుంచే తిరుగుతూ ఉంది, నా దాకా రాలేదు. ఎంగిలి పట్టింపు ఉన్నవాళ్ళు మొదటే "నో, గ్రాసియాస్" అని నవ్వితే సరి, ఎవరూ ఏమీ అనుకోరు, ముఖ్యంగా కరోనా తర్వాత.

సొంతంగా చేసుకోవాలంటే సూపర్ మార్కెట్‌లో తరగూయీ, ప్లషదీతో, రోసమోంతె లాంటి ప్యాకెట్లు దొరుకుతాయి. మొదటిసారికి అరకేజీ చాలు.

- బుర్ర మూడొంతుల్లో రెండొంతులు పొడి వెయ్యండి.
- మూతి అరచేత్తో మూసి తలకిందులు చేసి ఊపండి, సన్నటి దుమ్ము చేతికి అంటుకుంటుంది, దులిపెయ్యండి.
- పొడి ఒక పక్కకి వాలేలా వంచి, పల్లంగా ఉన్న వైపు గోరువెచ్చటి నీళ్ళు కొంచెం పోసి ఒక నిమిషం ఆగండి.
- తడిసిన చోట గొట్టం గుచ్చండి, ఇక కదపొద్దు.
- 75 నుంచి 80 డిగ్రీల నీళ్ళు గొట్టం మొదట్లో పొయ్యండి. మిగతా గుట్ట పొడిగా ఉండాలి.

మనవాళ్ళు చేసే తప్పు, టీ అలవాటు కొద్దీ నీళ్ళు తెర్లించి పోసెయ్యడం. ఆకు మాడినట్టై పచ్చి చేదు వస్తుంది, నాలుగు రౌండ్లకే రుచి పోతుంది. కెటిల్ కూత మొదలయ్యే ముందే దించెయ్యండి. మరిగిపోతే కొంచెం చన్నీళ్ళు కలపండి. చేదు తట్టుకోలేకపోతే చక్కెర వేసుకోవచ్చు, అదీ ఒక రకమే, సిగ్గుపడక్కర్లేదు. రాత్రి తాగితే నిద్ర పట్టదు, కెఫీన్ ఉంది.

## 8. ఆదివారం ఎలా గడపాలి

మీ నాలుగు రోజుల్లో ఒక ఆదివారం పడేలా టికెట్ చూసుకోండి.

సాన్ తెల్మో సంత ప్లాసా దొర్రేగో నుంచి దెఫెన్సా వీధి పొడుగునా ఉంటుంది. పదకొండు లోపే వెళ్తే పాత సోడా సీసాలు, గ్రామఫోన్ రికార్డులు తీరిగ్గా చూడొచ్చు, మధ్యాహ్నానికి నడవడానికి చోటుండదు. టాంగో జంట ఆడుతుంటే నిలబడి ఫోటో తీస్తే టోపీలో డబ్బు వెయ్యండి.

దానికన్నా నాకు నచ్చింది మతదేరోస్ సంత. ఊరి పశ్చిమ అంచున, బస్సులో గంట పైనే. అక్కడ రోడ్డు మీదే ఊరివాళ్ళు రుమాళ్ళు ఊపుతూ జానపద నృత్యాలు చేస్తారు, చూస్తున్నవాళ్ళని కూడా లాగుతారు, గుర్రం మీద దౌడు తీస్తూ వేలాడే చిన్న ఉంగరాన్ని పుల్లతో అందుకునే పందెం ఉంటుంది. ఎండాకాలంలో సంత జరిగే వారమూ వేళా మారుతుంటాయి, ముందు రోజు చూసుకుని వెళ్ళండి. చుట్టూ మాంసం పొగ బాగా ఉంటుంది, ఆ పేటే ఒకప్పటి కబేళాల పేట, పడనివాళ్ళు ముందే ఆలోచించుకోండి.

సాయంత్రం పలెర్మో పార్కుల్లో దుప్పటి పరుచుకుని మీ మాతే మీరు చేసుకుని కూర్చోండి, ఊరు ఊరంతా అదే పనిలో ఉంటుంది. బోకా పేటలో రంగురంగుల కమినీతో వీధి చూస్తానంటే పగలే వెళ్ళి, ఆ నాలుగు వీధులు దాటకుండా వచ్చెయ్యండి.

## 9. మిలోంగా: టాంగో షో కాదు, డాన్స్ హాల్

డిన్నర్‌తో కలిపి అమ్మే టాంగో షోలు వేరు. మిలోంగా అంటే మామూలు జనం, ముసలివాళ్ళు కుర్రాళ్ళు కలిసి ఆడే చోటు. డాన్స్ రాకపోయినా టికెట్ కొని బల్ల దగ్గర కూర్చుని చూడొచ్చు. మొదటిసారికి ల విరూతా లేదా ల కతెద్రాల్ వెళ్ళండి, అక్కడ ముందు క్లాసు ఉంటుంది, తప్పటడుగులు ఎవరూ పట్టించుకోరు. ఖర్చు లేకుండా చూడాలంటే బెల్గ్రానో పేటలో బర్రాంకాస్ పార్కు మండపం, అక్కడ ఆరుబయట ఆడతారు.

లోపల తెలియాల్సినవి:

- పాటలు మూడు నాలుగు కలిపి ఒక "తాందా". మధ్యలో సంబంధం లేని పాట ముక్క వస్తే అది "కోర్తీనా", అందరూ కుర్చీలకి వెళ్ళిపోతారు. పాత హాళ్ళలో ఫ్లోర్ దాటాలంటే అప్పుడే దాటండి.
- బల్ల దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపి పిలవరు. దూరం నుంచి కళ్ళు కలిపి తల ఊపుతారు, అవతలివాళ్ళూ ఊపితేనే లేస్తారు. ఇష్టం లేకపోతే చూపు తిప్పుకుంటే చాలు, ఎవరి పరువూ పోదు. మన తల అడ్డంగా ఊపే అలవాటు ఇక్కడ గందరగోళం చేస్తుంది, నిలువుగా ఒక్కసారి ఊపండి.
- గడియారం ముల్లుకి ఎదురు దిక్కులో తిరుగుతారు. రానివాళ్ళు అంచున ఉండకండి, మధ్యలోకి వెళ్ళండి.
- తాందా మధ్యలో "గ్రాసియాస్" అంటే... మాతే లాగే, ఇక చాలు అని అర్థం.

## 10. ఇంటికి అసాదోకి (నిప్పుల మీద మాంసం కాల్చే విందుకి) పిలిస్తే

ఒంటిగంటకి రమ్మంటే ఒకటిన్నరకి వెళ్ళండి, నాలుగింటికి తినడం మొదలైనా ఆశ్చర్యపోకండి. వైను సీసా గానీ ఐస్‌క్రీమ్ కేజీ డబ్బా గానీ తీసుకెళ్ళండి. నిప్పుల దగ్గర ఉన్నాయన పనిలో వేలు పెట్టకండి, సలహా అసలు ఇవ్వకండి. పళ్ళేలు వచ్చాక "ఉన్ అప్లౌసో పారా ఎల్ అసదోర్" అని ఎవరో అరుస్తారు, చప్పట్లు కొట్టండి. మీరు ఏం తినరో పిలిచినరోజే చెప్పెయ్యండి, పళ్ళెం ముందు చెప్తే వాళ్ళకి నిజంగా బాధ. తిన్నాక వెంటనే లేచి రావద్దు, బల్ల దగ్గర కబుర్లే అసలు భోజనం, సాయంత్రం ఏడు అయినా అవుతుంది.

## 11. ఫుట్‌బాల్

ఊళ్ళో రెండు పెద్ద క్లబ్బులు బోకా, రివర్ టికెట్లు ముందు క్లబ్ మెంబర్లకే పోతాయి, బయట దొరికేవి చాలా ఖరీదు, దొంగవి కూడా ఉంటాయి. చిన్న క్లబ్ మ్యాచ్ చూసుకోండి, ఉదాహరణకి మరదోనా 1976లో మొదటి మ్యాచ్ ఆడిన అర్హెంతీనోస్ హూనియోర్స్, ఆ స్టేడియానికి ఇప్పుడు ఆయన పేరే. "ప్లతేఆ" అంటే సీట్లు, అవే కొనండి. రంగుల్లేని చొక్కా వేసుకోండి, ఎదుటి జట్టు రంగు పొరపాటున కూడా వద్దు. మెస్సీ గొప్పా మరదోనా గొప్పా అని మీరుగా అడక్కండి, అడిగితే ఆ రోజు ఇంకే పనీ జరగదు.

## 12. వెంటనే సరిదిద్దుకునేవి

- తొమ్మిదికి ముందే ఆకలి: బేకరీలో వెన్న మెద్యలూనా, లేదా కియోస్కోలో అల్ఫహోర్ (మధ్యలో తీపి పెట్టిన బిస్కెట్టు) ఒకటి.
- వెయిటర్ రావట్లేదు: చిటికె వెయ్యకండి, చెయ్యి కొంచెం ఎత్తి కళ్ళలోకి చూడండి.
- మాతే వంతు రావడం ఆగిపోయింది: నవ్వుతూ "ఓత్రో, పోర్ ఫవోర్" (ఇంకోటి ప్లీజ్) అనండి. అందరూ నవ్వుతారు, వచ్చేస్తుంది.
- బొంబీషా మూసుకుపోయింది: ఊదకండి, పోసినాయనకి ఇచ్చెయ్యండి.
- బస్సులో కార్డు బ్యాలెన్స్ అయిపోయింది: సూబే కొంచెం అప్పు ఇస్తుంది, అదీ దాటితే వెనకున్నవాళ్ళని అడిగి వాళ్ళ కార్డుతో కొట్టించుకుని నగదు ఇవ్వండి.
- హామ్ వచ్చేసింది: పక్కకి తీసి తినమంటారు. వద్దనుకుంటే "సోయ్ వెహెతరియానో" (శాకాహారిని, ఆడవాళ్ళైతే వెహెతరియానా) అని చెప్పి ఇంకోటి అడగండి.

## 13. నాలుగు రోజుల చెక్‌లిస్ట్ (గురువారం దిగితే)

గురువారం: సూబే కార్డు, మధ్యాహ్నం కునుకు, మెరియెందా, రాత్రి తొమ్మిదిన్నరకి ఫుగాసేతా, ఫైనా.

శుక్రవారం: మూల మీద కఫేలో రెండు గంటలు, కొర్రియెంతెస్‌లో పాత పుస్తకాల కొట్లు (రాత్రి పొద్దుపోయేదాకా ఉంటాయి), పదకొండుకి పావు కేజీ ఐస్‌క్రీమ్.

శనివారం: షెర్బా కొని గదిలో ఒకసారి ప్రాక్టీస్, మధ్యాహ్నం నిద్ర తప్పనిసరి, రాత్రి మిలోంగా క్లాసు.

ఆదివారం: పదింటికి సాన్ తెల్మో లేదా మతదేరోస్, రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. సాయంత్రం పార్కు, ఫ్లాస్కు నిండా వేడినీళ్ళు. నీళ్ళు అయిపోతే పెట్రోల్ బంకుల్లో మాతే కోసమే వేడినీళ్ళు దొరుకుతాయి, "అగ్వా కలియెంతె" అని అడగండి.